మలావి కొండకు పోవాల్సిన మోటరు

అబీదా బీ రెండు బొటనవేళ్లతో రాగి తీగలను మోటరు లోపలి స్లాటు గాడిలోకి దించుతోంది. కాయిలు మొత్తం ఒకేసారి తోస్తే తీగ మీది పూత గీసుకుపోతుంది. అందుకే నాలుగు తీగలు దించడం, వెదురు పుల్లతో అడుగుకు సర్దడం, మళ్లీ నాలుగు. ముప్పై మూడు చుట్లూ లోపలికి పోయాక ఇన్సులేషన్ కాగితం మడిచి పుల్ల బిగించి, తల ఎత్తకుండానే అడిగింది.

“భూపేషూ, ఈ మనిషి రెప్ప వేయకుండా కూచున్యాడు. పనిని చూస్తాండాడా, నన్ను చూస్తాండాడా?”

“పనినేలే అక్కా. నిన్ను చూసేదానికి మలావి నుంచి రావల్లనా?”

వార్నిష్ డబ్బా బోర్లించుకుని కూర్చున్న ఆ మనిషి పేరు చిసోమో. ఆఫ్రికాలో మలావి అనే దేశం. నలభై ఏళ్లుంటాయి. సోలార్ పని నేర్చుకునేందుకు మూడు నెలల కోర్సుకు కర్నూలు వచ్చాడు. కోర్సు అయిపోయింది. పోయేలోగా తన ఊరికి ఒక మోటరు చుట్టించుకోవాలని తిరుగుతుంటే, బోరు మోటర్లను ఆఫ్రికా దేశాలకు పంపే భూపేష్ చేతికి దొరికాడు. భూపేష్ ముందు ఒక కాలిన పాత మోటరును పంపి, తర్వాత ఆయనను పత్తికొండకు తెచ్చి, టమాటా మార్కెట్ దాటినాక రోడ్డు చివర ఉన్న అబీదా బీ రీవైండింగ్ షాపులో దించాడు.

అబీదా బీకి అక్కడే మొదటి అనుమానం. కర్నూల్లో యాభై షాపులుంటే ఇంత దూరం ఎందుకు?

“పెద్ద షాపోళ్లు పక్కన కూచోనీలేదక్కా. ఆయప్ప చుట్టేది చూడల్లంట. వాళ్ల ఊర్లో కాలితే మళ్లీ తానే చుట్టుకోవల్లంట.”

“అంటే పని దొంగతనానికి వచ్చినాడన్న మాట.”

“అక్కా, ఆయప్ప ఊరికీ నీ ఊరికీ నడమ సముద్రముండాది. నీ గిరాకీ తీసుకపోతాడా?”

అబీదా బీ పక్క స్లాటుకు కాగితం అందుకుంది. నమ్మిందని కాదు. ఆమె నమ్మకపోవడం వెనక ఇరవై రెండేళ్ల పనుంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు షాపు మామగారు రసూల్ సాహెబ్‌ది. ఆమె ఇంట్లో కూర్చుని ఇన్సులేషన్ కాగితాలు కత్తిరించి ఇచ్చేది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కాయిళ్లు కూడా ఇంట్లోకి వచ్చాయి, ఆ తర్వాత ఆమే షాపులోకి వచ్చింది. భర్త ముబీన్ పొలాల మీద తిరిగి బోర్ల నుంచి మోటర్లు పైకి లాగుతాడు, ఆమె చుడుతుంది. ఈ ఇరవై రెండేళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగను ఆమెకు అమ్మజూసినవాళ్లున్నారు. పక్కూరివాడి మోటరు తెచ్చి తనదని చెప్పినవాళ్లున్నారు. నాలుగేళ్ల కింద ఒకాయన మార్కెట్ ముందర బల్ల వేసి, కరెంటు లేకుండా, డీజిల్ లేకుండా దానంతట అదే తిరిగే మోటరును చూపించాడు. ఊరంతా మోటరును చూసింది. అబీదా బీ బల్ల కాళ్లను చూసింది. ఒక కాలు మిగతా మూడింటికన్నా లావుగా ఉంది. దాంట్లో నుంచి తీగ, తీగ చివర గోతంలో దాచిన బ్యాటరీ. తెల్లవారేసరికి బల్ల లేదు, మనిషీ లేడు.

ఇప్పుడు ఈ చిసోమో చెప్పేదీ అదే తరహాగా ఉంది. కరెంటు ఇస్తే నీళ్లు ఎత్తే పంపులోకి, పైనుంచి నీళ్లే వదిలి వెనక్కి తిప్పితే మోటరులో నుంచి కరెంటు వస్తుందట.

“జనరేటరుకైతే లోపల అయస్కాంతముంటాది, ల్యాకపోతే దానికొక కరెంటు ఇస్తారు. ఈ మోటర్లో అయస్కాంతం యాడుండాది?” అంది.

చిసోమోకు తెలుగు ‘నీళ్లు’, ‘చాలు’, ‘కారం వద్దు’ వరకే. భూపేష్ ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయన సుద్దముక్క అందుకుని నేల మీద బొమ్మ వేశాడు. కొండ, కొండ మీది నుంచి గొట్టం, గొట్టం చివర పంపు, దానికి మోటరు, మోటరుకు మూడు కెపాసిటర్లు. అక్కడి నుంచి అరవై ఇళ్లు, మొక్కజొన్న మర, చిన్న ఆస్పత్రి. ఆస్పత్రి లోపల ఒక పెట్టె గీసి, సూది మందు వేస్తున్నట్టు తన జబ్బను గిచ్చుకున్నాడు. టీకాల ఫ్రిజ్.

ఆ ఊరి పాత మోటరు ఐదు నెలల కింద కాలిపోయింది. అప్పటి నుంచి డీజిల్ జనరేటర్ వారానికి రెండు రోజులు నడుస్తోంది. ఆ డీజిల్‌ను కొండ మీదికి మనుషులే మోస్తారు. కొత్తది పెద్ద డీజిల్ జనరేటరే కొందామని ఊర్లో చాలామంది అన్నారు. వాగు పారుతుండగా పొగ ఎందుకని అడ్డం తిరిగినవాడు చిసోమో. మంచి మోటరు తెస్తానని మాట ఇచ్చి విమానం ఎక్కాడు. భూపేష్ లారీ శుక్రవారం సాయంత్రం చెన్నై ఓడరేవుకు పోతుంది. దాంట్లో ఎక్కకపోతే ఇంకో నాలుగు నెలలకు గానీ సరుకు పోదు. అంతవరకు ఊరు ఆగదు, డీజిలే ఖాయమవుతుంది.

ఫోన్‌లో వాగు వీడియో చూపించాడు. బండల మీద తెల్లగా దూకే నీళ్లు. అబీదా బీ ఫోను చేతిలోకి తీసుకుంది.

“ఇది ఏ నెలలో తీసింది?”

ఏడాదంతా ఇంతేనట.

“ఏప్రిల్లో?”

“యస్, అమ్మా.”

“మేలో?”

“యస్.”

“అయితే అబద్ధం,” అని ఫోను ఇచ్చేసింది.

చిసోమో నవ్వి, అక్టోబరులో మాత్రం కొంచెం తగ్గుతుందని చెప్పించాడు. అక్టోబరంటే భూమధ్యరేఖకు అవతలున్న మలావిలో ఎండలు ముదిరే నెల, అది ఆమెకు తెలియదు; ఇక్కడ వాన పడితే గిడితే పడే నెల. ఆమె అనుమానం ఇంకాస్త గట్టిపడింది. “చూడు భూపేషూ, వానల్లో తగ్గి ఎండల్లో పారే వాగంట! నువ్వు నమ్మినావా?”

ఏమైనా ఒప్పుకున్న పని పని. బుధవారం పొద్దునకు చుట్టడం ముగిసి, వార్నిష్ కూడా ఆరింది. పరీక్షకు వాగు లేదు కాబట్టి మోటరును ఆరు గడపల అవతల ఉన్న వీరభద్ర లేత్ షాపుకు తోసుకుపోయారు. ఆయన దగ్గర పాత డీజిల్ ఇంజన్ ఉంది. బెల్టు వేసి దాంతో మోటరును తిప్పాలి.

“కరెంటు కోసం డీజిల్ పోస్తాండాం. బాగుండాది మీ యాపారం,” అన్నాడు వీరభద్ర, బెల్టు ఎక్కిస్తూ.

“వాళ్ల కొండలో నీళ్లు తిప్పుతాయంట. ఈడ నువ్వు తిప్పు.” అబీదా బీ వంగి బల్ల కింద చూసింది. కెపాసిటర్ల పెట్టె మూత విప్పి, మూడింటినీ ఎత్తి వాటి అడుగున కూడా చూసింది.

“యాడ వెతుకుతాండావు అక్కా?”

“బ్యాటరీ యాడన్నా దాచినాడేమోనని.”

ఇంజన్ అందుకుంది. మోటరు తిరిగింది. మీటరు ముల్లు కదల్లేదు. అబీదా బీ భూపేష్ వంక చూసిన చూపుకు ఆయన ఫోను తీసి ఏదో ముఖ్యమైన కాల్ ఉన్నట్టు చెవికి పెట్టుకున్నాడు.

చిసోమో కంగారు పడలేదు. ఇంజన్ ఆపించి, బయట ఉన్న స్కూటర్ నుంచి బ్యాటరీ విప్పుకొచ్చి, మోటరు రెండు తీగలకు క్షణం పాటు తాకించాడు.

“అదో బ్యాటరీ!” అని అరిచింది అబీదా బీ. “నేను చెప్పలా?”

చిసోమో ఆ బ్యాటరీని ఆమె చేతుల్లోనే పెట్టి, రోడ్డు అవతలికి పొమ్మని చేత్తో చూపించాడు. ఆమె నిజంగానే రోడ్డు దాటి బంకు దగ్గర నిలబడింది, బ్యాటరీ చంకలో పెట్టుకుని. ఇంజన్ మళ్లీ అందుకుంది. బ్యాటరీ తాకిడికి ఇనుములో మిగిలిన ఆ కొద్ది అయస్కాంతాన్ని పట్టుకుని మోటరు మూలిగింది. ముల్లు యాభై దాటింది, నూట ఇరవై, రెండొందల అరవై. గోడకు వేలాడదీసిన బల్బులు ఎర్రగా మొదలై పసుపుకు తిరిగాయి.

అబీదా బీ రోడ్డు దాటి వచ్చింది. బ్యాటరీ కింద పెట్టింది. బల్బుల తీగను చేత్తో పట్టుకుని మోటరు దాకా వెంబడించింది. దారిలో ఏమీ లేదు. తను చుట్టిన రాగి తప్ప ఏమీ లేదు.

“వస్తాది,” అంది నెమ్మదిగా. “నిజంగానే వస్తాది.”

అయితే ముల్లు మూడొందల నలభై దగ్గర ఆగిపోయింది. కావాల్సింది నాలుగు వందలు. బల్బులు ఇంకో నాలుగు తగిలిస్తే మూడొందలకు జారింది. చిసోమో తల అడ్డంగా ఊపాడు. ఆ ఓల్టేజీకి ఫ్రిజ్ మోటరు అందుకోదు. మూలిగి మూలిగి అదీ కాలిపోతుంది.

“ఇంగేమక్కా, కరెంటు వచ్చె గదా. పెయింటేసి ఎక్కిద్దాం,” అన్నాడు భూపేష్. అంతలోనే గొంతు తగ్గించాడు. “తీగ తక్కువ వేసినారేమోనని ఆయప్ప అనుమానం.”

రీవైండింగ్ చేసేవాళ్లను అనగూడని మాట అది. అబీదా బీ చేతి గుడ్డ విసిరికొట్టింది.

“ఆయప్ప నోరే తెరవలా. ఆ మాట ఆయనదా, నీదా? నా షాపులో రాగి దిగమింగినారని ఇంతవరకు ఒక్క రైతు అనలేదు.”

“నేనేమంటి అక్కా...”

“గమ్మునుండు. ఒక్కొక్కటే చూద్దాం.”

చూడడం మొదలుపెట్టింది. ముందు ఇంజన్ వేగం. వీరభద్ర లేత్ వేగం కొలిచే యంత్రాన్ని ఇరుసుకు ఆనించాడు. నిమిషానికి పదిహేను వందల ముప్పైసార్లు. సరిగ్గానే ఉంది. తర్వాత కెపాసిటర్లు. అవి భూపేష్ తెచ్చినవి కాబట్టి ఆమె గట్టిగానే అనుమానించింది. కొత్త డబ్బాలో పాత సరుకు పెట్టి అమ్మేవాళ్లు ఆమెకు తెలుసు. మూడింటినీ విప్పి తన దగ్గరున్న దాంతో కొలిచింది. మూడూ మంచివే.

“నన్నే దొంగను చేస్తివి గదక్కా.”

“ఇంకా చేయలా. నీ వంతు అయిపోయింది, పక్కకు జరుగు.”

మూడు ఫేజుల కాయిళ్లు కొలిచింది. మూడూ సమానం. ఎక్కడా తీగ తీగకు తగల్లేదు. ఇక మిగిలింది మీటరు. అది చిసోమోది, పసుపు పచ్చది. ఆమె షాపు నుంచి తన మీటరు తెప్పించింది. అదీ మూడొందల నలభై అనే చెప్పింది. రెండు మీటర్లూ ఒకే అబద్ధం చెబుతాయా అని వీరభద్ర గడ్డం గోక్కున్నాడు.

చిసోమో లేచాడు. తెలిసిన కరెంటు మీద మీటరు పెట్టి చూస్తే తేలిపోతుందని, లేత్ షాపు మెయిన్ బోర్డులో త్రీఫేజు మీద పెట్టాడు. మూడొందల నలభై రెండు. అబీదా బీ మీటరు పెట్టాడు. మూడొందల నలభై ఒకటి. ఆయన మొహం వికసించింది. గబగబా ఏదో చెప్పాడు.

“రెండు మీటర్లూ చెడిపోయినాయంటాడక్కా. మెయిన్లో నాలుగొందల పదిహేను ఉండల్ల గదా, ఇవి తక్కువ చూపిస్తాండాయి, మన మోటరు బాగుండాది అంటాడు,” అన్నాడు భూపేష్, తానూ వెలిగిపోతూ.

అబీదా బీకి, వీరభద్రకు ఒకేసారి నవ్వొచ్చింది.

“మీటర్లు కాదప్పా. మా కరెంటే అంత. పగలంతా బోర్లు ఆడుతుంటాయి, మేము లైను చివర. మూడొందల నలభై వస్తే మాకు పండగే.”

భూపేష్ ఇంగ్లీషులో చెప్పాడు. చిసోమో నమ్మలేదు. ఇప్పుడు అనుమానించడం ఆయన వంతు. చుట్టూ చూసి, అంత తక్కువకు ఈ ఊరి మోటర్లు ఎట్లా తిరుగుతాయని అడిగించాడు.

“ఎట్లా తిరుగుతాయంటే, దానికి తగ్గట్టు నేను చుట్లు తగ్గిచ్చి...”

అబీదా బీ గిర్రున మోటరు వంక తిరిగింది.

వీరభద్ర ఇంజన్ ఆపేశాడు. ఆమె ఎవరినీ చూడకుండా షాపుకు నడిచింది. మిగతావాళ్లు వెనకే పోయారు. అట్ట చిరిగిన పొడుగు పుస్తకం తీసింది. వచ్చిన ప్రతి మోటరుకూ దాంట్లో ఒక వరుస. వరుసలో రెండు అంకెలు. మొదటిది కాలిన మోటరు విప్పినప్పుడు లెక్కపెట్టిన చుట్లు, అంటే కంపెనీ లెక్క. రెండోది తను చుట్టింది, ఈ ఊరి లెక్క. చిసోమో మోటరు వరుసలో ముప్పై ఎనిమిది, దాని పక్కన ముప్పై మూడు.

ఎప్పుడు తగ్గించిందో ఆమెకే గుర్తులేదు. ఆలోచించి తగ్గించింది కాదు. రసూల్ సాహెబ్ కాలం నుంచీ అంతే. కంపెనీ లెక్కకు చుడితే ఇక్కడి కరెంటుకు మోటరు అందుకోదు, మూలుగుతుంది, కాలుతుంది. అందుకని చుట్లు తగ్గించి, తీగ ఒక నంబరు లావు వేస్తారు. పత్తికొండ చుట్టుపక్కల రైతులు ఆమె మోటరు కాలదని చెప్పుకునేది ఆ పని వల్లనే. మోటరు మలావికి పోతుందని మూడు రోజులుగా వింటూనే ఉంది. చెయ్యి మాత్రం పత్తికొండకే చుట్టింది.

అన్నిటినీ అనుమానించింది. ఇంజన్ను, కెపాసిటర్లను, మీటర్లను, మనుషులను. అనుమానించనిది ఒక్క తన చేతినే.

“మా ఓల్టేజీ తినేటట్టు చుడితి. అది మా ఓల్టేజీనే కక్కుతాంది,” అంది. “భూపేషూ, తప్పు నాది. అట్లే చెప్పు. నీ మాటలేమీ కలపొద్దు.”

భూపేష్ చెప్పాడు. చిసోమో పుస్తకంలోని రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు. తన నోటు పుస్తకం తీసి చూపించాడు. పక్కన కూర్చున్న రోజు ఆయన కూడా లెక్కపెట్టుకున్నాడు. ముప్పై మూడు. ఆయన వచ్చేసరికే కాలిన తీగ విప్పేసి ఉంది కాబట్టి, ముందు ఎన్ని ఉన్నాయో ఆయనకు తెలియదు.

“కెపాసిటర్లు ఇంకొన్ని తగిలిస్తే ఓల్టేజీ పెరగదా?” అన్నాడు వీరభద్ర.

“పెరుగుతాది. మోటరు కాగుతాది. ఈడైతే నా దగ్గరికి తెస్తారు. ఆడ కాలితే ఎవరు చూడల్ల?” అని అబీదా బీ ఉలి తీసింది.

మధ్యాహ్నం ముబీన్ వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని వార్నిష్ మెరుపు పోని కొత్త కాయిళ్లను నరుకుతోంది. “ఎవరు చుట్టింది, అట్లా నరుకుతాండావు?” అని అడిగాడు. “నేనే,” అంది. ముబీన్ చెప్పులు విప్పి, పట్టకారు తీసుకుని అవతలి వైపు కూర్చుని తీగలు లాగాడు.

గురువారం పొద్దున ఒక నంబరు సన్న తీగ తెచ్చి, కాయిళ్లు చుట్టే అచ్చును చిసోమో ముందు పెట్టింది. చెక్క పిడిని ఆయన చేతికిచ్చి, “నువ్వే చుట్టు. పైకి లెక్కపెట్టు. తెలుగులో,” అంది. నేర్చుకుంటూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు నుంచి ముప్పై ఎనిమిది దాకా పోయేసరికి పదహారు తప్పుల మీద వీరభద్ర నవ్వాడు. మూడో కాయిలు అయ్యాక ఆమె దాన్ని తీసి, ఒక్కో చుట్టూ వెనక్కి విప్పింది. ముప్పై ఏడు.

“ఇరవై తొమ్మిది తర్వాత ముప్పై ఒకటి అనలా నువ్వు? నోరు ఎగిరింది, చెయ్యి ఎగరలా,” అంది. “మల్లా.”

చిసోమో మళ్లీ చుట్టాడు. ఆ తర్వాత ప్రతి కాయిలునూ ఆయన ముందుకూ ఆమె వెనక్కూ లెక్కపెట్టారు. పద్దెనిమిది కాయిళ్లు. స్లాటుల్లోకి సగం ఆమె దించింది, సగం ఆయనతో దింపించింది. ఆయన వేళ్లు లావు, కానీ తొందర లేదు. రెండో పూటకు ఆమె వంగి చూడడం తగ్గించింది. మానలేదు. తీగ కొసలు దారంతో కట్టే చోట ఆయన వేరే ముడి వేశాడు. ఆమె దాన్ని లాగి చూసింది, ఇంకా గట్టిగా లాగింది. ఊడలేదు. “ఇది యాడ నేర్చుకున్నావప్పా?” అంది. చేపల వల అన్నట్టు చేతులతో చూపించాడు. మిగతావన్నీ అదే ముడితో కట్టించింది.

సాయంత్రం వార్నిష్ పోశారు. ఇనుప డ్రమ్ములో రెండొందల వాట్ల బల్బులు నాలుగు వెలిగించి మోటరును దాంట్లో పెట్టి, మూత మీద గోతం కప్పారు. పొద్దున తీసి ఎండలో బండ మీద పెట్టారు. శుక్రవారం మూడు గంటలకు మళ్లీ వీరభద్ర ఇంజన్ దగ్గరికి.

ఈసారి బల్ల కింద ఎవరూ చూడలేదు. అబీదా బీ తానే బ్యాటరీ తాకించింది. ముల్లు మూడొందల నలభై దగ్గర ఆగినట్టే ఆగి, దాటింది. మూడొందల తొంభై. నాలుగొందల ఆరు. అక్కడ నిలబడింది.

“అయిపాయ! ఎక్కిద్దాం పద, లారీ ఆపి పెట్టినా,” అన్నాడు భూపేష్.

“ఇంకా కాలేదు.” ఆమె బల్బులు తగిలించింది. వేడినీళ్ల రాడ్లు రెండు బకెట్లలో వేసింది. ముల్లు మూడొందల తొంభైకి దిగి ఆగింది. గోడకు ఆనుకుని, మోటరు మీద అరచెయ్యి వేసి కూర్చుంది. పది నిమిషాలకు చెయ్యి తీసి ఇంకో చోట పెట్టింది. గంట సేపు అట్లాగే. భూపేష్ రెండుసార్లు గడియారం చూపించాడు, డ్రైవరు మూడుసార్లు హారను కొట్టాడు. బకెట్లలో నీళ్లు పొగలు కక్కాయి. వీరభద్ర ఒక బకెట్లో టీ పొడి వేద్దామా అన్నాడు. మోటరు వెచ్చబడింది గానీ కాగలేదు.

“ఆపప్పా,” అంది అప్పుడు.

పేరు పలక పక్కన ఇనుము మీద పంచుతో నాలుగు దెబ్బలు వేసి 38 అని కొట్టింది. నలుగురూ కలిసి మోటరును లారీ మీదికి ఎత్తి, గడ్డి పరిచి, తాళ్లు బిగించారు. చిసోమో ఎక్కి పక్కన కూర్చున్నాడు. చెన్నై దాకా దాన్ని వదలనన్నాడు. అబీదా బీ కూడా ఒక కాలు చక్రం మీద పెట్టి ఎక్కి, తీగలు కలిపే పెట్టె మూత తెరిచింది. ఆరు నట్లూ ఆయనతోనే ఒక్కొక్కటి బిగించి చూపించమంది. ఆయన బిగించాడు. ఆమె వేలితో కదిపి చూసింది. ఏదీ కదల్లేదు.

మూత పెట్టి, చివరి స్క్రూనూ స్క్రూడ్రైవరునూ ఆయన అరచేతిలో పెట్టింది.

“ఇంగ నీదప్పా,” అని లారీ దిగింది.